కొండసింహం ఎదుట వెనకడుగులు

శనివారం రాత్రి, టెంట్‌లో

సాయంత్రం పాపతో క్యాంపు కుళాయి దగ్గర నుంచి ట్రైల్ బాటలో టెంట్‌కి తిరిగి వస్తుంటే వెనక ఏదో కదిలినట్టయింది. తిరిగి చూస్తే బండ మీద మౌంటెన్ లయన్, చిరుతపులి అంత ఉంది. మాకూ దానికీ మధ్య ఒక కారు పట్టేంత చోటు ఉందంతే.

పరుగెత్తకూడదు, వంగకూడదు, గట్టిగా మాట్లాడాలి అని పార్కు గేటు దగ్గర బోర్డు చదివి మా ఆయన చెప్పారు. వంగకుండా పాపను ఎత్తుకోవడం ఎలా?

"నా పాదాల మీద ఎక్కి నన్ను పట్టుకో నాన్నా, ఆట ఆడదాం" అన్నాను. ఎక్కింది. ఆ జంతువు మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచాను. ఇంకేమీ తోచక రెండో ఎక్కం అరిచాను.

"అమ్మా, ఎందుకు అరుస్తున్నావ్? ఇన్‌సైడ్ వాయిస్ ప్లీజ్" అంది పాప, మెల్లగా మాట్లాడమని స్కూల్లో టీచర్ చెప్పినట్టే. తన ముఖం నా వైపే ఉంది కనుక ఏమీ చూడలేదు. ఆ జంతువు చూస్తూనే ఉంది, కదల్లేదు.

అలాగే వెనక్కి నడుస్తూ టెంట్ చేరాక ఆయనకు చెబితే, "ఈపాటికి వెళ్లిపోయుంటుందిలే. పొద్దున్నే పాపను ఆ ట్రైల్‌కి తీసుకెళ్తా, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నారు. వద్దనాలనుకున్నాను. పాపకు పక్క వేశాను.

ఇద్దరూ నిద్రపోయారు. పాప బూట్లు తీసి నా దుప్పట్లో దాచాను. పొద్దున ఆయన వెతుకుతారు. అడిగితే, తెలియదని మాత్రం అనను...