యాన్‌యాన్ నీలం పాస్‌పోర్టు

లోక్‌హిన్,

డ్యూటీకి వెళ్తున్నా. అక్కడి నుంచి సరాసరి ఎయిర్‌పోర్టుకి వస్తా. నాలుగింటికల్లా నువ్వూ పాపా అక్కడుండాలి. ఆస్ట్రేలియాలో స్థిరపడే వీసాలు మన మెరూన్ బ్రిటిష్ పాస్‌పోర్టుల మీద వచ్చాయి, కౌంటర్లో అవే చూపించు. పద్దెనిమిదో తారీఖులోగా ముగ్గురం ఒకసారి అక్కడ కాలు పెట్టకపోతే అవి చెల్లవు. మళ్ళీ పడుకోకు.

గిన్నెలో గంజి ఉంది, పాపకి వేడి చేసి పెట్టు.

నువ్వు సర్దిన సంచి చూశాను. మెరూన్‌వి మూడూ ఉన్నాయి. యాన్‌యాన్ నీలం హాంకాంగ్ పాస్‌పోర్టు మాత్రం సొరుగులోనే ఉంది. మనిద్దరం హాంకాంగ్ గుర్తింపు కార్డు చూపించి ఇంటికొచ్చేస్తాం. ఆరేళ్ల పిల్లకి కార్డెక్కడిది? వెళ్ళడానికి కావలసినవన్నీ గుర్తున్నాయి నీకు, తిరిగి రావడానికి కావలసింది ఒక్కటే మర్చిపోయావు. కోపం రాలేదులే. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నానంతే. సంచి ముందు జేబులో పెట్టాను, తియ్యకు.

– మాన్‌వై

అమ్మ ఫోన్ చేసింది. "మీరు తిరిగొచ్చాక ఆదివారం సూప్‌కి ఎన్ని గిన్నెలు పెట్టమంటావే?" అంది. నాలుగు అన్నాను. ఈ ఒక్క ఆదివారానికే మాటిచ్చాను. మిగతా ఆదివారాల సంగతి విమానంలో మాట్లాడుకుందాం. కిటికీ సీటు పాపకిచ్చి నా పక్కన కూర్చో.