వానొస్తే వదిలే నీళ్లు

జూన్ 9

బట్టలకు రంగులేసే మా ఫ్యాక్టరీలో మురుగునీళ్లకు ఒక పద్ధతి ఉంది. శుద్ధి ప్లాంటు ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడే తిరుగుతుంది. మిగతా రోజుల్లో వాన కోసం చూస్తాం. పడగానే వాల్వు తిప్పి ఏట్లోకి వదిలేస్తాం. ఏరు ఎలాగూ బురదగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇవాళ ట్యాంకు నిండిపోయింది. మబ్బు బాగా కమ్మింది. ఆపరేటర్ నా బావమరిదే, ఉద్యోగం నేనే ఇప్పించాను. వదిలెయ్యమని ఫోన్ చేశాను. చినుకు కూడా లేదు కదా బావా అన్నాడు. మేనేజర్ నువ్వా నేనా అన్నాను.

జూన్ 10

వాన రాలేదు. ఏరు ఊదారంగులో పారింది.

జూన్ 12

చేపలు తేలాయి. వాటికోసం ఎవడూ ఏడవడు. కానీ ఏటి నీళ్లే కుళాయిల్లో వచ్చే దిగువ వీధుల్లో ఒక చంటిబిడ్డ పోయింది. అత్తగారిల్లూ అక్కడే. ఆవిడకేం కాలేదు, గట్టి పిండం.

కంపెనీ లాయరు తలుపేసి కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీని జైల్లో పెట్టలేరు, ఎవరో ఒక మనిషి కావాలన్నాడు. వాల్వు తిప్పిందెవరని అడిగాడు. నేను కాదన్నాను. అది నిజమే కదా, ఎంత హాయిగా ఉందో.

జూన్ 13

నేను ఫోన్ చేసిన సంగతి ఎక్కడా చెప్పొద్దని బావమరిదికి టీ ఇప్పించి నచ్చజెప్పాను. నేను లోపలికెళ్తే మీ అక్కా, పాపా రోడ్డున పడతారన్నాను. నీకు పెళ్లామా పిల్లలా అని కూడా అన్నాను. అక్క కోసమైతే సరే బావా అన్నాడు. వాడి మంచితనం చూస్తే ఒళ్లు మండింది. కాస్త బేరమైనా ఆడొచ్చు కదా, వెధవ.

సెప్టెంబర్ 3

కోర్టు. ఎవరైనా చెబితే చేశావా అని జడ్జి అడిగితే, లేదు, నా అంతట నేనే వదిలానన్నాడు. రెండేళ్లు వేశారు. ఇప్పుడు అంతా శుభ్రం, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చని నేను సాక్ష్యం చెప్పాను. బయటికి రాగానే ఆకలేసింది. క్యాంటీన్లో కడుపునిండా తిన్నాను. నా భార్య ముద్ద ముట్టలేదు.

సెప్టెంబర్ 20

మంచి వాన. కొత్త ఆపరేటర్‌కి మా పద్ధతి నేర్పాను. చురుకైనవాడు, ఎదురు ప్రశ్నలు వెయ్యడు.

సెప్టెంబర్ 22

నా భార్య వాళ్లమ్మ ఇంటి కుళాయి నీళ్లు సీసాలో తెచ్చి, భోజనాల దగ్గర నా గ్లాసులో పోసింది. నేను ముట్టుకోలేదు. పాప తీసుకుంది. పెదాలకు తగిలేలోపే గ్లాసు లాగి విసిరికొట్టాను.

పాప ఏడుస్తోంది. గాజుపెంకులు ఏరుతూ, మా అమ్మ రోజూ ఇవే తాగుతోందండీ అంది నా భార్య.