పసుపు డబ్బా వెనక మాత్రలు

నందిగామ, జూలై 2001, ఆదివారం

అక్క అమర్‌నాథ్ యాత్రకి వెళ్ళిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం జగ్గయ్యపేట వెళ్ళి, వాళ్ళింట్లో దీపం పెట్టి వస్తున్నాను. ఇవాళ వత్తుల కోసం పూజ అలమర వెతుకుతుంటే పసుపు డబ్బా వెనక మాత్రల అట్ట కనిపించింది. అంత ఎత్తున గాలి చాలక తల తిరగకుండా, ఆయాసం రాకుండా డాక్టరు గారు రాసిచ్చినవే. పదింట్లో ఒక్కటే తీసి ఉంది.

ఆ ఒక్కటీ పడుతుందో లేదో చూద్దామని బయల్దేరే ముందు నేనే వేయించాను. అది వేసుకుంటే ఒంటేలు ఎక్కువవుతుందట, ఆ పూటంతా అక్క బాత్‌రూమ్‌కి తిరుగుతూనే ఉంది.

"ఇట్టా అయితే బస్సులో ఎట్టాగే? అంతమంది మగాళ్ళ ముందు గంటకోసారి బండి ఆపమని అడగనా?" అంది.

"సిగ్గుపడితే ఎట్టా అక్కా" అని నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నిన్న శ్రీనగర్ నుంచి ఫోన్ చేసింది. మాత్రలు వేసుకుంటున్నావా అంటే, "ఆఁ, వేసుకుంటున్నాలేవే" అంది. గొంతు ఎండిపోయి ఉంది. మంచినీళ్ళు తాగుతున్నావా అని అడిగితే మాత్రం, "వెనక జనం ఆగున్నారే" అని పెట్టేసింది.

రేపు తెల్లవారుజామునే కొండెక్కుతారట. అట్ట చేతిలో పట్టుకుని ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాను. యాత్రకు తీసుకెళ్ళినాయన ఇచ్చిన, వాళ్ళు దిగిన చోటి నంబరు మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక కూడా చేశాను. ఎత్తలేదు.

అక్కడ దీపం పెట్టకుండానే వచ్చేశానని ఇప్పుడు గుర్తొస్తోంది.