ఉరుకుందన్నకు మత్తిచ్చిన రోజు

జూలై 6, ఆదివారం

తప్పులుంటాయి. అక్షరాలు వంకర. ఐదో తరగతితో ఆపించారు. ఇది ఎవరూ చదవరు కాబట్టి క్షమాపణ అడగనక్కర్లేదు. అయినా అడుగుతున్నాను.

ఆదోని వచ్చాను. మా ఆయన దేవరాజు వాళ్లక్క వీణ వదినకు ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మత్తు డాక్టర్. వంటకు తోడుగా నన్ను పంపారు.

ఎంబీబీఎస్ అయ్యాక కూడా కర్నూలులో మూడేళ్లు మత్తు చదువే చదివింది వదిన. ఎమ్మిగనూరులో మా వీధంతా నవ్వింది. ఎదురింటి ఉరుకుందన్న మగ్గం గుంతలో కూర్చునే అరిచేవాడు. "సూది పొడిసి నిద్రపుచ్చేదానికి ఇన్నేండ్ల సదువా పాపా? మా కల్లు అంగడోడు ఏం సదివినాడని?" వదిన కూడా నవ్వేది. నాకే ఏడుపొచ్చేది.

ఇప్పుడు ఆ ఉరుకుందన్నకే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. మంగళవారం ఇక్కడే ఆపరేషన్. మత్తిచ్చేది వదినే. ఆమెకు ఈ ఆసుపత్రిలో అదే మొదటి కేసు.

జూలై 7

మూడేళ్లు ఏం నేర్చుకున్నావని వదినను అడిగాను. సర్జన్ కోసిన చోటు చూస్తాడు, నేను మనిషిని చూస్తానంది. మత్తులో ఉన్నవాడికి ఊపిరి కూడా తనే అందిస్తుందట. కడుపులో తిండి ఉంటే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ప్రాణానికే ముప్పు.

సాయంత్రం ఉరుకుందన్న భార్య లక్ష్మమ్మకు రెండుసార్లు చెప్పింది, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని. లక్ష్మమ్మ తలూపింది.

జూలై 8, మంగళవారం



పొద్దున వదినకు క్యారియర్ పట్టుకుపోయాను. వార్డు చివర కొళాయి దగ్గర లక్ష్మమ్మ డబ్బా కడుగుతోంది. కాలువలో పచ్చగా తడి బొరుగులు. ఉగ్గాని.

అన్నకు పెట్టినావా అని అడిగితే నా చెయ్యి పట్టేసుకుంది. "ఖాళీ కడుపుతో పంపితే పానం తిరిగి రాదంట పాపా. రెండు పిడికిళ్లే పెట్టినా. ఎవరికీ సెప్పొద్దు." నా చేతిని తీసి తన తాళి మీద పెట్టుకుంది. ఒట్టంది.

చెప్తే ఆ తాళి తెగుతుందని ఆమె భయం. చెప్పకపోతే తెగుతుందని నా భయం.

అప్పటికే స్ట్రెచర్ థియేటర్ తలుపు దగ్గరకు పోయింది. చుట్టూ మగవాళ్లు, సర్జన్, వదిన. మా మామ ఎదుట కూడా నేను గొంతెత్తింది లేదు. "వదినా, తిన్నాడు! ఉగ్గాని తిన్నాడు!" ఆ కేక నాదేనని కాసేపు తెలియలేదు.

ఉరుకుందన్న స్ట్రెచర్ మీద నుంచే, "తినల్యా డాక్టరమ్మా, దేవుని తోడు" అన్నాడు. సర్జన్ విసుక్కున్నాడు. రెండు పిడికిళ్లకు ఏమవుతుంది, వచ్చిన రోజే కేసు ఆపుతారా, ఇలాగైతే ఇక్కడ కష్టం మేడం అన్నాడు.

వదిన నా ముఖం చూసింది. అంతే. "మా భారతి అబద్ధం చెప్పదు సార్. ఈ రోజు మత్తివ్వను. రేపు పొద్దున ఇస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

సర్జన్ వెళ్లిపోయాడు. లక్ష్మమ్మ నన్ను తిట్టిన తిట్లు రాయలేను.

అదే రోజు, సాయంత్రం

వదిన అన్నం ముట్టలేదు.

జూలై 9

అయిపోయింది! బాగా అయింది!

వదిన స్ట్రెచర్ తల వైపు నడుస్తూ బయటికొచ్చింది. ఒక చెయ్యి ఆయన గడ్డం కింద. "ఉరుకుందన్నా, కండ్లు తెరువు" అంది. ఆయన తెరిచి, "ఎప్పుడు మొదులు పెడతారు పాపా?" అన్నాడు. అయిపోయిందన్నా అంటే, "నన్ను మోసం సేస్తాండావు" అని మళ్లీ కళ్లు మూశాడు. లక్ష్మమ్మ నవ్వుతూ ఏడ్చింది. నా వైపు మాత్రం చూడలేదు.

సర్జన్ వెనకే వచ్చాడు. రేపు ఐదు కేసులున్నాయి మేడం, ఎనిమిదికల్లా రండి అన్నాడు. తర్వాత నన్ను చూపించి, ఉగ్గాని పట్టింది ఈమేనా, గేటు దగ్గర కూర్చోబెట్టండి, జీతమిద్దాం అన్నాడు. నేను వదిన వెనక్కు పోయి దాక్కున్నాను.

జూలై 13, ఎమ్మిగనూరు

ఆదివారమని ఇంటికొచ్చాను. ఉరుకుందన్న మంచం వీధిలో వేయించుకున్నాడు. వచ్చేపోయేవాళ్లను ఆపి చెప్తున్నాడు. "మత్తు డాక్టరంటే ఏమనుకున్యావు? అంత పెద్ద సర్జన్నే ఆగమనింది మా వీధి పిల్ల!" నన్ను చూసి, "ఈ పిల్ల గొంతు ఆదోనంతా ఇనపడింది" అన్నాడు. మా ఆయన నమ్మలేదు. మా భారతినా అన్నాడు.

జూలై 14

ఒట్టు తప్పిన సంగతి రాసిపెట్టుకోవడం మంచిది కాదు. ఇది ఎవరికైనా దొరికితే కాల్చేయండి. కాల్చే ముందు మంగళవారం పేజీ ఒక్కటి మా ఆయనకు చదివి వినిపించండి. నాకు సిగ్గు.