పిల్లికి పస్తు

ప్రియమైన గూరో అక్కకు,

గాలికి టెలిఫోను తీగలు తెగిపోయాయి, అందుకే ఉత్తరం. మా ఆయన లీఫ్‌ను ఊపిరితిత్తుల ఆపరేషన్‌కు బూడో పట్నం తీసుకెళ్ళారు. పడవ ఎక్కుతూ కూడా, "సున్నీవా, నా దొంగవెధవ కడుపు మాడనీకు" అన్నారు, తన పిల్లి మోన్స్ గురించి. ఆ మర్నాటి నుంచే బొద్దుపిల్లి ఏమీ ముట్టడం లేదు. ముక్కు దిబ్బడేసింది. తాజా కాడ్ చేప పెట్టినా మొహం తిప్పేస్తోంది. దానికేమైనా అయితే ఆయనకు ఏమని చెప్పను? కొట్టమంతా కుక్కల్ని పెంచేదానివి, నువ్వే చెప్పు. నీ మాట నాకు వేదవాక్కు.

నీ చెల్లి సున్నీవా

*

ప్రియమైన సున్నీకి,

పిల్లికి అంత గారాబమా! మంచులో బండి లాగే మా స్లెడ్జి కుక్కలకు ఆదివారం పస్తే. తిననని మొరాయిస్తే నీళ్ళు తప్ప ఏమీ పెట్టం. మర్నాటికి గిన్నె కూడా నాకేస్తాయి. లంఖణం పరమౌషధం. గిన్నె తీసెయ్, బతిమాలకు. ఆకలేస్తే అదే వస్తుంది.

ప్రేమతో, గూరో

*

సున్నీ తల్లీ,

ముందటి ఉత్తరం చించెయ్! కుంటుతున్న కుక్కను పశువుల డాక్టరుకు చూపిస్తూ నీ పిల్లి సంగతి చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఏమ్మా, పిల్లంటే చిన్న సైజు కుక్క అనుకున్నావా?" అని గద్దించాడు. కుక్క పస్తును తట్టుకుంటుందట. లావు పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరి దాన్ని పడగొడుతుందట. కామెర్లతో చెవుల లోపల పచ్చబడిందేమో చూడు. ముక్కు తుడిచి, చేప వెచ్చబెట్టు. వాసన తగలకపోతే పిల్లి తినదు. చెంచాతోనైనా పట్టు. నువ్వెప్పుడూ నా మాట వింటావు, అదే నా భయం. నాకు ముద్ద దిగడం లేదు.

నీ బుద్ధిలేని అక్క

*

ప్రియమైన అక్కకు,

తుఫానుకు తపాలా పడవ రాలేదు. నీ జవాబు కోసం రేవుకు తిరిగి తిరిగి ప్రాణం విసిగింది. నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకుంటే మోన్స్ తల ఎత్తడం మానేసింది. భయమేసి, దాని ముక్కుకు ఆవిరి చూపించి, వెచ్చటి చేపనీళ్ళు చెంచాతో పట్టాను. చేతులు రక్కింది, సగం నా గౌను మీదే కక్కింది. పక్కింటి డాగ్నీ చూసి, "కట్టుకున్నవాడికైనా ఇంత సేవ చేశావటే?" అంది. నిన్న ఆ దొంగవెధవ నా పళ్ళెంలో చేప లాక్కుపోయింది. కూర్చుని ఏడ్చేశాను.

ఈరోజు పడవ వచ్చింది. నీ ఉత్తరాలు రెండూ ఒకే సంచిలో ఉన్నాయి. మొదటిది చదివి, నువ్వన్నట్టే చించేశాను. అది వేళకు అంది ఉంటే గిన్నె తీసేసేదాన్ని అక్కా, బతిమాలేదాన్ని కాదు.

ఆయన ఆపరేషన్ బాగానే అయిందట. ఇకనుంచి అన్నిటికీ నిన్ను అడగను, కోపం తెచ్చుకోకు. కుక్కల సంగతైతే అడుగుతాను.

నీ చెల్లి సున్నీవా