అనాస తొలికాపు

బాపట్ల, 12-7-69

అమ్మకు,

ఇక్కడ అందరం క్షేమమే. నువ్విచ్చిన అనాస పిలకలకి మామగారు వరిచేనుకి కట్టినట్టు నీళ్ళు కట్టారు. అన్నీ కుళ్ళిపోయాయి. నేను ఇసుక దిబ్బ మీదికి మార్చిన ఒక్కటే బతికి, మొన్న పండింది. ఇల్లంతా ఒకటే వాసన. అత్తగారు కోసి అందరికీ పంచారు. నేను చెయ్యి చాపితే, "నీకిప్పుడు అనాస ఏంటమ్మాయ్, వేడి చెయ్యదూ?" అని పళ్ళెం అవతల పెట్టారు. ఈ కార్డు నీకు చదివి వినిపించేది నాన్నగారు గనక ఇంతకంటే రాయను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? రేపల్లె నుంచి ఎవరైనా వస్తుంటే పాత చింతకాయ పచ్చడి పంపు, మరిచిపోకు. నాన్నగారికి నమస్కారాలు.

పండు తల మళ్ళీ నాటాను. అది కాసేనాటికి తినడానికి ఇంట్లో ఇంకొకరుంటారు.

నీ కూతురు,
సామ్రాజ్యం