నెత్తిన రొట్టెల పలక

అత్తయ్యా,

డ్యూటీకి వెళ్తున్నాను. హరీరా సూపు గిన్నెలో ఉంది, వేడిచేసుకుని తాగండి. వ్యాయామం మానకండి. వంటగట్టు పట్టుకుని ఒక్కో కాలిమీద పది లెక్కపెట్టేదాకా నిలబడాలి, తర్వాత అడుగుకు అడుగు ఆనించి నడవాలి.

నిన్న నాకు చెప్పకుండా రొట్టెల పలక నెత్తిన పెట్టుకుని, కాల్పించడానికి వీధి బట్టీకి బయల్దేరారు. పోయినేడు ఆ సందు మెట్లమీదే కదా పడి తుంటి విరగ్గొట్టుకున్నారు! ఒళ్లు మండి వెనకాలే వచ్చాను. గోడ పట్టుకోకుండా దిగారు. పలక కదిలితే ఒట్టు. "గాడిదొస్తోంది, తప్పుకోండి" అని ఒకడు అరిస్తే, "నువ్వే తప్పుకో నాయనా, నెత్తిన రొట్టెలున్నాయి" అన్నారు. పాపం, గాడిదతో సహా గోడకు అంటుకుపోయాడు.

ఇవాళ్టి పిండి కలిపి ఉంచాను. పలక గుమ్మం దగ్గరే ఉంది.

తూరియా

నిన్న మిమ్మల్నే చూస్తూ మెట్టు తప్పి పడింది నేను. మోకాలు చీరుకుపోయింది. రేపట్నుంచి ఆ ఒంటికాలి పాఠం నాకూ చెప్పండి.